డిమాండ్ ఛార్జీ పెంచేది ఆ కాసేపే

మే నెలలో బెజవాడ బందరు రోడ్డులో కొన్ని షోరూముల్లోకి వెళ్తే వణుకు పుడుతుంది, ఇది నాకు అస్సలు నచ్చదు. బయట 43 డిగ్రీలుంటే లోపల 19 ఎందుకండీ? ఏసీ సెట్టింగ్ ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. 2020 నుంచి స్టార్ లేబుల్ రూమ్ ఏసీలు 24 డిగ్రీల డీఫాల్ట్‌తోనే రావాలి కూడా.

పెద్ద బిల్డింగులకు యూనిట్ల ఖర్చు ఒక్కటే కాదు. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉంటే నెలలో పడిన అత్యధిక లోడ్‌ని మీటర్ కేవీఏల్లో (లోడ్‌ని కొలిచే యూనిట్) నమోదు చేస్తుంది, దాని మీద డిమాండ్ ఛార్జీ వేరు. అంటే కరెంటు పోయి వచ్చాక చిల్లర్లన్నీ (ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే పెద్ద యంత్రాలు) ఒకేసారి ఫుల్ లోడ్‌కి వెళ్తే, ఆ కాసేపటి ప్రభావం నెల బిల్లు మీద పడొచ్చు. ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో గ్యాప్ ఇచ్చి ఆన్ చేయడానికి రూపాయి ఖర్చు లేదు. పొద్దున్నే హాళ్లు చల్లబరిచి, మధ్యాహ్నం సెట్టింగ్ కొంచెం పెంచినా పీక్ తగ్గుతుంది.

చోటున్న ఆసుపత్రులు, కాలేజీలు రాత్రిపూట నీళ్లు చల్లబరిచి ట్యాంకులో దాచుకోవచ్చు, అప్పుడు గాలి కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి చిల్లర్‌కి పని తేలిక, మధ్యాహ్నం ఆ నీళ్లనే తిప్పుకోవచ్చు.

చల్లగాలిని గదుల్లోకి పంపే ఏహెచ్‌యూ ఫ్యాన్లకు వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే పరికరం) మాత్రం తప్పకుండా పెట్టించండి. వేగం 80 శాతానికి తగ్గితే ఫ్యాన్ తీసుకునే కరెంటు దాదాపు సగమవుతుంది!