సెన్సర్ మార్చినా రీజెన్ 235 కిలోమీటర్లు దాటట్లేదు

డీజిల్ బండి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది; అది నిండినప్పుడు ఇంజన్ అదనంగా డీజిల్ కొట్టి, వేడి పెంచి, ఆ మసిని కాల్చేయడమే రీజెన్. ఆ ఫిల్టర్‌కి కొత్త ప్రెషర్ సెన్సర్ వేశాక ఒక రీజెన్‌కీ ఇంకోదానికీ మధ్య 350 కిలోమీటర్లయినా వస్తాయని గట్టిగా అనుకున్నా. నిన్న కొత్తగూడ ఫ్లైఓవర్ దిగుతుంటే ఐడిల్ 800 నుంచి 1000కి లేచింది, ఫోన్‌లో ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత 300 దాటి పైకి పరుగు తీసింది. అంటే రీజెన్ మొదలైందన్నమాట, ట్రిప్ మీటర్ చూస్తే 235. పాత సెన్సర్‌తో 210. అంత డబ్బు పోస్తే వచ్చింది 25 కిలోమీటర్లు.

కొత్తగా చదివేవాళ్లకి రెండు ముక్కలు: 1.5 లీటర్ బీఎస్6 డీజిల్ కారు, హైదరాబాద్‌లో రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి, సగటు వేగం గంటకి 18 కిలోమీటర్లు. ఎండాకాలంలో ఇదే బండి, ఇదే దారిలో, 340–360కి ఒకసారి ఫిల్టర్ కడుక్కునేది. వానలు మొదలయ్యాక 210కి పడి అక్కడే కూర్చుంది.

ముందు మంచి వార్త ఒక్క లైన్‌లో. గచ్చిబౌలి దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి శంషాబాద్ వైపు ఐదో గేర్‌లో 100 మీద పట్టుకుంటే ఫిల్టర్ ముందు 610–640 డిగ్రీలు నిలకడగా నిలబడి, 14 నిమిషాల్లో రీజెన్ పూర్తయిపోతుంది, ఏ గొడవా లేదు. అంటే ఇంజెక్షన్, టర్బో, ఫిల్టర్ తేనెగూడు అన్నీ బాగానే ఉన్నట్టు. కాలడం సమస్య కాదు, నిండడమే సమస్య.

ఇక అసలు తలనొప్పి. నా బండి మసిని రెండు రకాలుగా చూపిస్తుంది: లెక్కగట్టింది ఒకటి, కొలిచింది ఒకటి. మొదటిది, బండి వేగం, లోడ్, ఇంజన్ వేడి చూసుకుని కంప్యూటర్ వేసే అంచనా. రెండోది ఫిల్టర్‌కి ముందూ వెనకా ఉన్న ఒత్తిడి తేడా నుంచి వచ్చేది. ఈ రెండింట్లో ఏది ముందు 18 గ్రాములు తాకితే అప్పుడు రీజెన్ మొదలు. ఓఆర్ఆర్ మీద పూర్తిగా కాలాక కూడా కొలిచిన విలువ 6.5 దగ్గరే ఆగేది, లెక్క మాత్రం 1కి దిగేది. రీజెన్‌లో కాలకుండా మిగిలే బూడిద పేరుకుందేమో అనుకుందామంటే బండి ఇంకా 50 వేలు కూడా తిరగలేదు, పైగా మొదటి నుంచీ బూడిద తక్కువ వచ్చే సి3 ఇంజన్ నూనే పోస్తున్నా.

అసలు క్లూ దొరికింది తెల్లారుజామున, చల్లటి ఇంజన్ మీద. కీ ఆన్ చేసి, స్టార్ట్ చెయ్యకుండా చూస్తే ఒత్తిడి తేడా 0.6 కిలోపాస్కల్. గాలే కదలనప్పుడు అది సున్నా ఉండాలి. ఐడిల్‌లో 1.1 చూపించేది, అందులో సగం పైగా అబద్ధమే. రబ్బరు పైపులు రెండూ విప్పి ఊది చూశా, నీళ్లు లేవు, పగుళ్లు లేవు. అయినా ముందు పైపు పగిలితే రీడింగ్ తగ్గాలి గానీ పెరగదు కదా, అందుకని అక్కడ ఎక్కువ సేపు తవ్వలేదు. సెన్సరే జారిందని తేల్చుకుని కొత్తది వేయించి, పాత సెన్సర్ కోసం కంప్యూటర్ దాచుకున్న దిద్దుబాట్లు రీసెట్ చేయించా.

ఆ పని ఫలించింది కూడా. కీ ఆన్‌లో 0.0, ఐడిల్‌లో 0.5, 3000 ఆర్‌పీఎం దగ్గర ఇంతకుముందు 6.0 ఉండేది ఇప్పుడు 5.4. రీజెన్ అయ్యాక కొలిచిన మసి 2.8 గ్రాములకి దిగింది. మరి 235 ఏంటి? నిన్నటి లాగ్ తీసి చూస్తే, రీజెన్ మొదలైన క్షణాన కొలిచింది 13 మాత్రమే, లెక్క 18. అంటే ఇప్పుడు గంట కొడుతున్నది సెన్సర్ కాదు, కంప్యూటర్ అంచనా. కిలోమీటరుకి 0.072 గ్రాముల చొప్పున కూడేస్తోంది. ఎండాకాలం లాగ్‌లో అదే 0.05 ఉంది.

ఎందుకు ఎక్కువ వేస్తోంది? వాన ట్రాఫిక్ కొంత కారణమే, కానీ సగటు వేగం పెద్దగా పడలేదు. ఏసీ లోడ్ అందామంటే ఎండాకాలంలోనే ఎక్కువ వాడాం. ప్రీమియం డీజిల్ పోసి చూశా, తేడా శూన్యం. బీఎస్6 డీజిల్‌లో గంధకం ఎలాగూ 10 పీపీఎంకి మించకూడదు, ఇంక లీటరుకి అదనంగా కట్టేది దేనికో నాకు అర్థం కాదు. ఫిల్టర్ క్లీనర్ సీసాల సంగతి అడగొద్దు, ట్యాంకులో పోస్తే బూడిద కరుగుతుందని చెప్పేవాళ్లని నేను నమ్మను.

మిగిలింది కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం వేడి. ఇంతకాలం దాన్ని పట్టించుకోకుండా పక్క కాలమ్‌లో పెట్టుంచా. పొద్దున కొండాపూర్ దాకా వచ్చినా 75 దాటట్లేదు, తర్వాత ట్రాఫిక్‌లో మెల్లగా 84కి వస్తుంది. ఓఆర్ఆర్ మీద 100లో వెళ్తే పెరగాల్సింది పోయి 73కి దిగుతోంది! ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే మూత థర్మోస్టాట్, ఈ ఇంజన్‌లో అది తెరుచుకోవాల్సింది 87 దగ్గర. ఇది ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంటున్నట్టుంది. చలిదేశాల్లో అయితే హీటర్ వెచ్చగా రావట్లేదని డ్రైవరుకి వెంటనే తెలిసేది, మన దగ్గర హీటర్ నాబ్ ఎవడు తిప్పుతాడు? నాకు తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "అన్నా, మన ఊర్ల బండి చల్లగుంటే ఖుషీ అయితరు, కంప్లైంట్ ఎవరిస్తరు" అని నవ్వాడు.

ఇంజన్ ఇంకా వేడెక్కలేదని కంప్యూటర్ అనుకుంటే ఇంధనం తీరు వేరేగా ఉంటుంది, మసి అంచనా కూడా పెరుగుతుంది, ఇదీ నా ఊహ. ఎండలో బయటి గాలే 40 ఉంటే ఈ లోపం దాక్కుంటుంది, వాన పొద్దుల్లో 24 ఉంటే బయటపడుతుంది. కాలం కూడా సరిగ్గా సరిపోతోంది. ఎర్రర్ కోడ్ మాత్రం రాలేదు, అదొక్కటే నన్ను ఆపుతోంది.

సర్వీస్ సెంటర్ వాళ్లది ఒకటే పాట: "హైవే మీద తిప్పండి సార్". ఇంకో చోట ఫిల్టర్ ఊడబీకి, సాఫ్ట్‌వేర్ మార్చేస్తామన్నారు. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 సంగతి పక్కన పెట్టినా, నల్ల పొగ మన పిల్లల ముక్కుల్లోకే కదా పోయేది. ఆ మాట ఎత్తిన షాపు మెట్లు మళ్లీ ఎక్కను.

సగంలో ఆగిన రీజెన్‌ల ఫలితం డిప్‌స్టిక్ మీద కనిపిస్తోంది. పై గీత దాటి 4 మిల్లీమీటర్లు ఎక్కింది, వాసన చూస్తే డీజిల్. కొత్తగూడలో మొదలైతే ఆఫీసు పార్కింగ్ చేరేసరికి 11 గ్రాముల దగ్గర ఆగిపోతుంది, కాలకుండా మిగిలిన డీజిల్ నూనెలోకి దిగుతుంది. అందుకని బుక్‌లో 15,000 అని రాసున్నా నేను 8,000కే నూనె మార్చేస్తున్నా. ఇప్పుడైతే దారిలో రీజెన్ మొదలైందని తెలిస్తే ఆఫీసు దాటి ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీద ఒక చుట్టు కొడుతున్నా, లేటయితే లేటవుతుంది.

ఈ అంకెలు ఫోన్‌లో చూడటానికి బండికి గుచ్చే అడాప్టర్ ఏది కొనాలని అడిగారు కొందరు. ఈఎల్ఎం327 అనే చిప్‌కి అతి చవక నకళ్లతో వచ్చే అడాప్టర్లు మధ్యలో డేటా మింగేస్తాయి, వాటితో ఉష్ణోగ్రత గ్రాఫ్ గీస్తే పళ్ల దువ్వెనలా వస్తుంది. కాస్త ఎక్కువ పెట్టి వీలింకర్ అడాప్టర్ తీసుకోండి. యాప్ కార్ స్కానర్ చాలు, టార్క్ ప్రో యాప్‌లో ఈ పీఐడీలు (ఒక్కో రీడింగ్‌ని అడిగే కోడ్‌లు) చేత్తో ఎక్కించుకునే ఓపిక నాకు లేదు.

ఈ శనివారం థర్మోస్టాట్ మారుస్తున్నా, కూలెంట్‌తో కలిపి. పాతదాన్ని పారేయకుండా గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటరు పెట్టి ఎక్కడ తెరుచుకుంటుందో చూడాలి. మారిన వెంటనే ఓఆర్ఆర్ మీద అదే 100, అదే ఐదో గేర్, కూలెంట్ 85 పైన నిలబడుతుందా అన్నదే మొదటి పరీక్ష. తర్వాత నూనె మార్చి ట్రిప్ సున్నా చేస్తా. దసరాకి విజయవాడ వెళ్లాలి, ఆ హైవే లాగ్‌ని నగరం లాగ్‌లో కలపకుండా వేరే ఫైల్‌లో పెడతా, లేకపోతే సగటు పాడవుతుంది. అప్పటికీ 0.07 దగ్గరే ఉంటే ఈజీఆర్ (పొగని కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వ్) విప్పాలి, ఆ పని తలుచుకుంటేనే నీరసం వస్తోంది.