తాత మళ్ళీ దూకిన రోజు

నవంబరు, మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర.

ఇవాళ తాత మూడు చిన్న ఫెన్సులు దూకాడు. ఆ ఒక్క ముక్క రాసి పడుకుందామనుకున్నాను, నిద్ర పట్టడం లేదు, అందుకే మొత్తం రాస్తున్నాను.

తాత అంటే గుర్రం. కాగితాల మీద వాడికి పెద్ద పేరే ఉంది, నేను పనిచేసే గుర్రాల యార్డులో వాళ్ళు పిలిచే ముద్దుపేరు ఇంకోటి ఉంది, తాత అని పిలిచేది నేనొక్కడినే. వయసు పన్నెండు. జనవరి 1 వస్తే పదమూడు, ఎందుకంటే ఇక్కడ రేసు గుర్రాలు ఏ నెలలో పుట్టినా అన్నిటికీ ఆ రోజే వయసు పెరుగుతుంది. కంచెలు దూకే పందేల్లో పన్నెండంటే పెద్ద వయసే, అందులోనూ ఒకసారి టెండన్, అంటే కాలి వెనక తాడులా ఉండే నరం, పోయిన గుర్రానికి.

నేనుండేది లాంబోర్న్‌లో. ఇంగ్లండ్‌లో బర్క్‌షైర్ వైపు చిన్న ఊరు, చుట్టూ గడ్డి గుట్టలు, పొద్దున్నే రోడ్డు మీద గుర్రాల వరసలు వెళ్తుంటే కార్లు ఓపిగ్గా ఆగుతాయి. మలక్‌పేట రేస్‌కోర్సులో రైడింగ్ బాయ్‌గా మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చాను. మా నాన్న అక్కడే సయీసుగా, అంటే గుర్రాల్ని చూసుకునే పనిలో, చేసి రిటైరయ్యాడు. మలక్‌పేటలో నేను చూసినవన్నీ నేల మీద పరుగు పందేలే, గుర్రం కంచె దూకుతూ పందెం పరిగెత్తడం నేను కళ్ళారా చూసింది ఈ దేశం వచ్చాకే. మొదటిసారి చూసినప్పుడు ఊపిరి బిగబట్టాను. ఇప్పటికీ అంతే.

పొద్దున ఐదున్నరకి యార్డుకి వెళ్ళాను. మంచు పడలేదు గానీ చలి గట్టిగానే ఉంది, నోరు తెరిస్తే పొగ. తాత తలుపు మీంచి తల బయటపెట్టి చూస్తున్నాడు. లోపలికి వెళ్ళి కట్లు విప్పి, పది నిమిషాలు పేడ ఎత్తుకుంటూ గడిపాను, ఎందుకంటే కట్టు విప్పిన వెంటనే కాలు వెచ్చగానే ఉంటుంది, అప్పుడు ముట్టుకుని ఏ లాభమూ లేదు. ఆ తర్వాత గడ్డిలో గొంతుక్కూర్చుని ఎడమ ముంగాలు మీద చెయ్యి పెట్టాను.

ఇది నాన్న నేర్పిన పద్ధతి. ముందు చెయ్యి తిప్పి వెనక వైపుతో వేడి చూడాలి, అరచెయ్యి మొద్దుబారి ఉంటుంది, దానికి తెలియదు. రెండు కాళ్ళూ చూడాలి, మంచి కాలు ముందు, దెబ్బ కాలు తర్వాత. ఆ తర్వాత కాలు ఎత్తి పట్టుకుని, బరువు లేకుండా చేసి, బొటనవేలూ చూపుడు వేలూ మధ్య టెండన్‌ని పట్టి మోకాలి కింది నుంచి గిట్ట దాకా అంగుళం అంగుళం జారుస్తూ రావాలి. ఎక్కడ నొప్పి ఉంటే అక్కడ గుర్రం కాలు లాక్కుంటుంది, చెవి కొంచెం వెనక్కి పెడుతుంది. ఇంకొకటి, ఇదంతా టీ తాగక ముందే చెయ్యాలి. వేడి కప్పు పట్టుకున్న చేతికి ఏ కాలైనా చల్లగానే తగులుతుంది. ఈ మాట నాన్న నాకు పన్నెండేళ్ళప్పుడు చెప్పాడు, ఇప్పటికీ కాళ్ళు చూడకుండా టీ ముట్టను.

తాత ఎడమ కాలు ఇప్పుడు మునుపటి కాలు కాదు. పక్కనుంచి చూస్తే మోకాలికీ గిట్టకూ మధ్య వెనక గీత తిన్నగా ఉండాలి, వాడికి మధ్యలో కొంచెం విల్లులా వంగి ఉంటుంది. అది ఇక పోదు. వేలికి గట్టిగా, తాడు ముడిలా తగులుతుంది. కానీ చల్లగా ఉంది, నొక్కితే వాడు పట్టించుకోలేదు, నా టోపీ అంచు నములుతూ నిలబడ్డాడు.

ఏడాది పైన పన్నెండు రోజులైంది ఆ దెబ్బ తగిలి. నేను లీడ్ రీన్, అంటే గుర్రాన్ని నడిపించే పగ్గం, పట్టుకుని రేసు ముగింపు దగ్గర నిలబడి ఉన్నాను. చివరి నుంచి మూడో ఫెన్సు బాగానే దూకాడు, దిగాడు, రెండడుగులు వేశాడు, మూడో అడుగుకి జాకీ లేచి నిలబడి కళ్ళెం లాగేశాడు. అంత దూరం నుంచి నాకు ఏమీ కనబడలేదు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి తాత నడుస్తూనే ఉన్నాడు, పెద్దగా కుంటడం కూడా లేదు, నన్ను చూసి చెవులు ముందుకు పెట్టాడు. టెండన్ అలాగే మోసం చేస్తుంది. తెల్లారేసరికి కాలు మండిపోతోంది, అరటికాయంత వాపు.

గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, టెండన్లు, లిగమెంట్లు, చర్మం, అంతే. అర టన్ను ఒళ్ళు దౌడులో ఉన్నప్పుడు ఒక్కో క్షణం ఆ బరువుకి రెండింతల పైనే ఒక్క ముంగాలి మీద పడుతుంది, దాన్నంతా వెనక ఉన్న ఆ తాడు స్ప్రింగులా సాగి మోస్తుంది. దౌడు తీసే గుర్రంలో ఆ టెండన్ నడిమధ్య వేడి 45 డిగ్రీల దాకా పోతుందని కొలిచి చెప్పారు. సాగి సాగి, వేడెక్కి వేడెక్కి, లోపలి పోగులు ముందే కొంచెం కొంచెం తెగుతూ ఉంటాయి, మనకు కనబడేది చివరి రోజే. డాక్టరు వెంట్రుకలు గొరిగి, జెల్ రాసి స్కాన్ చేసినప్పుడు తెర మీద తెల్లటి చుక్కల మధ్యలో నల్లగా ఒక గుంట కనిపించింది. ఆయన ఏమీ చెప్పకముందే నాకు అర్థమైంది. మానినా అక్కడ కొత్తగా వచ్చేది మచ్చ లాంటి కణజాలం, పాతదానిలా సాగదు, అందుకే చాలా గుర్రాలకు మళ్ళీ అదే చోటో దాని అంచునో తెగుతుంది.

యజమాని రిటైరైన బడి మాస్టారు. ఆయనకున్నది ఈ ఒక్క గుర్రమే. ఆ రోజు స్కాన్ దగ్గర ఆయన ఒక మాట అన్నారు: నడవగలిగితే మా పొలానికి తీసుకెళ్తాను, పరిగెత్తగలిగితే చూద్దాం, తొందర మాత్రం ఎవ్వరూ పడొద్దు. ఆయన ఆ మాట అనకపోతే ఈ రోజు ఉండేది కాదు.

మొదటి రెండు నెలలు పెట్టె లాంటి ఆ గదిలోనే. రోజుకి రెండుసార్లు చన్నీళ్ళ పైపుతో ఇరవై నిమిషాలు కాలు తడపడం, కట్లు, మళ్ళీ కట్లు. ఆ తర్వాత చేత్తో పట్టుకుని ఐదు నిమిషాల నడక. వారం తర్వాత పది. ఒక్కోసారి వానలో ఇద్దరం అలా తారు రోడ్డు మీద నడుస్తుంటే, అవతల మిగతా గుర్రాలు గుట్ట మీదికి వెళ్ళే చప్పుడు వినబడేది, తాత ఆగిపోయి తల ఎత్తి ఒళ్ళంతా వణికేవాడు. పరిగెత్తని గుర్రాన్ని పరిగెత్తించడం కష్టమని నేను అనుకునేవాణ్ణి. పరిగెత్తాలని తన్నుకుంటున్న గుర్రాన్ని ఐదు నిమిషాల దగ్గర ఆపి లోపలికి తీసుకురావడం అంతకంటే చాలా కష్టం. ఏప్రిల్‌కి కాలు చూడ్డానికి చక్కగా ఉంది, కుంటు లేదు, వాపు లేదు. అప్పుడే తొందరపడాలనిపిస్తుంది, అప్పుడే స్కాన్‌లో ఆ నల్ల గుంట ఇంకా సగమే నిండి ఉంది. కాలు బయట మానిన ఎన్నో నెలలకి గానీ లోపల మానదు. ఎండాకాలమంతా మాస్టారి పొలంలో వదిలాం. ఆగస్టులో తిరిగొచ్చాడు, పొట్ట దింపడానికే నెల పట్టింది, ఆ తర్వాత ట్రాట్, అంటే చిన్న పరుగు, ఆ తర్వాత గుట్ట మీద మెత్తటి ట్రాక్‌లో మెల్లగా క్యాంటర్, అంటే దౌడుకి ముందు పరుగు.

ఇవాళ తొమ్మిదింటికి జాకీ వచ్చాడు. ఆయన కూడా పోయినేడు కిందపడి మెడ ఎముక విరగ్గొట్టుకుని ఇక్కడే ఓక్సీ హౌస్‌లో నెలల తరబడి వ్యాయామాలు చేశాడు. దెబ్బ తిన్న జాకీల కోసం 2009లో మొదలైన చోటు అది. తాత మీద చెయ్యి వేసి, ఇద్దరం రిపేరు చేసినవాళ్ళమే అన్నాడు. ఒక కుర్ర గుర్రాన్ని ముందు పెట్టారు, తాత దాని వెనక. స్కూలింగ్ ఫెన్సులు, అంటే దూకడం సాధన చేయించే కంచెలు, రేసులో ఉండేవాటికంటే చిన్నవి. రేసులో నాలుగున్నర అడుగులకు తక్కువ ఉండదు, ఇవి నా నడుం దాకా కూడా రావు.

నేను రెండో ఫెన్సు పక్కన నిలబడ్డాను, దిగే చోటు కనబడేలా. చేతులు జేబుల్లోంచి తీయలేకపోయాను. మొదటిదానికి తాత మరీ ముందు నుంచే లేచి, అవసరానికి రెండింతలు ఎత్తు దూకాడు, ఇన్నాళ్ళ ఆకలంతా అందులో ఉంది. రెండోదానికి నా ముందు నుంచి వచ్చాడు. చెవులు ముందుకి, ఒకటి, రెండు, దగ్గరికి వచ్చి ఒక చిన్న అడుగు తనంతట తనే వేసుకుని లేచాడు, పొట్ట కింద ఫెన్సులోని బిర్చ్ చెట్టు కొమ్మలు గలగలమన్నాయి, ఎడమ ముంగాలు ముందు నేలకి తగిలింది. ఎడమ కాలే. ఆ గిట్ట వెనక మడమ భాగం నేల దాకా సాగి లేవడం నేను చూశాను. మళ్ళీ అడుగు, మళ్ళీ అడుగు, తేడా లేదు. మూడోది నేను చూడలేదు, కళ్ళలో నీళ్ళు నిండి ఏమీ కనబడలేదు.

ఇంకోసారి దూకించమంటే జాకీనే వద్దన్నాడు. మూడు చాలన్నాడు. ఆయన మీద నాకు ఎంతో గౌరవం కలిగింది.

కాలికి నీళ్ళు పడుతుంటే మా హెడ్ ల్యాడ్, అంటే యార్డులో మా పనివాళ్ళకి పెద్ద, పక్కన నిలబడి ఆల్డనీటి అనే గుర్రం కథ మళ్ళీ చెప్పాడు. ముసలాయన, చిన్నప్పుడు టీవీలో చూశాడట. ఆ గుర్రం టెండన్లు ఒకసారికి మించి పోయినవి, జాకీ బాబ్ ఛాంపియన్‌కి క్యాన్సర్, ఇద్దరూ కోలుకుని 1981లో ఇక్కడి అతి పేరున్న కంచెల పందెం గ్రాండ్ నేషనల్ గెలిచారు, గుర్రానికి అప్పుడు పదకొండేళ్ళు. నాకు మాత్రం ఈ ఊరి గుర్రమే ఎక్కువ ఇష్టం, స్ప్రింటర్ సాక్రే. 2013లో చెల్టన్‌హామ్ రేస్‌కోర్సులో క్వీన్ మదర్ చాంపియన్ చేజ్ అనే పెద్ద కంచెల పందెం గెలిచాక అదే ఏడు చివర్లో గుండె లయ తప్పింది, అందరూ అయిపోయిందన్నారు, 2016లో పదేళ్ళ వయసులో అదే రేసు మళ్ళీ గెలిచాడు. ఐర్లండ్‌లో ఫాహీన్ అనే గుర్రం అయితే సరిగ్గా తాత వయసులో, పన్నెండేళ్ళకి, 2020లో పెద్ద రేసు గెలిచాడు. ఈ కథలు వింటే నాకు ధైర్యంగా ఉంటుంది, భయంగానూ ఉంటుంది. తిరిగి వచ్చినవాళ్ళ పేర్లే మిగులుతాయి. ఈ వీధిలోనే ఎన్ని గుర్రాలు తాతలాగే ఏడాది నడిచి, మొదటి దౌడులోనే మళ్ళీ కాలు పోగొట్టుకుని వెళ్ళిపోయాయో నాకు తెలుసు, రెండిటిని నేనే చూసుకున్నాను.

తాతని పంపాలనుకుంటున్నది గ్రాండ్ నేషనల్‌కి కాదు. పదేళ్ళు, ఆ పైన వయసున్న గుర్రాలకే ఇక్కడ వేరుగా వెటరన్స్ చేజ్‌లనే కంచెల పందేలు పెడతారు, కుర్రవాటితో పోటీ ఉండదు, అందరూ అనుభవం ఉన్నవాళ్ళే. అలాంటి ఒక మామూలు రేసు, నేల మెత్తగా ఉన్న రోజు చూసి. నేల గట్టిగా ఉంటే వాన్‌లోంచి దింపకుండానే వెనక్కి తీసుకొస్తామని మాస్టారు రాసి మరీ ఇచ్చారు. అసలు ఎందుకు, పొలంలో హాయిగా ఉంచొచ్చు కదా అని మా చెల్లి ఫోన్లో అడిగింది. సరైన ప్రశ్నే. నాకు ఒక జవాబైతే లేదు, ఎండాకాలం పొలంలో వాడు మూడు వారాలు హాయిగా ఉండి ఆ తర్వాత గేటు దగ్గరే నిలబడిపోవడం మాత్రం చూశాను. ఒక్క అడుగు తేడాగా పడితే అక్కడితో ఆపేస్తాం. ఆ మాట మా అందరి మధ్యా ఉంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి నాన్నకి వీడియో పంపి ఫోన్ చేశాను, అక్కడ సాయంత్రం ఆరు. వీడియో రెండుసార్లు చూశాడట. "మంచిగ దిగిండు. ఉలవలు పెడ్తున్నరా?" అన్నాడు, ప్రతిసారీ అడుగుతాడు. ఇక్కడ ఓట్స్, గుర్రాల దాణా బిళ్ళలే నాన్నా అంటే, "గుగ్గిళ్ళు వెయ్యకుండ గుర్రానికి బలం ఎట్లొస్తది" అని కాసేపు బాధపడ్డాడు. నేను దూకడం గురించే చెప్తూ ఉంటే ఆపి, "ఇయ్యాల కాలు ఇయ్యాల చెప్పది బిడ్డా. రేపు పొద్దుగాల చెయ్యి వెట్టి సూడు. అప్పుడు ఫోన్ చెయ్యి" అన్నాడు.

నాలుగింటికి సాయంత్రం పనిలో చూస్తే ఎడమ కాలు కొంచెం వెచ్చగా అనిపించింది. గుండె జారిపోయింది. కుడి కాలు చూశాను, అదీ అంతే ఉన్నట్టుంది. హెడ్ ల్యాడ్‌ని పిలిచాను, ఆయన రెండూ చూసి, మళ్ళీ చూసి, రెండూ ఒకటే అన్నాడు. అయినా ఇరవై నిమిషాలు నీళ్ళు పట్టాం. ఎనిమిదిన్నరకి టార్చి పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. తాత పడుకుని ఉన్నాడు, లేవలేదు, నన్ను చూసి మూతి మాత్రం నా మోకాలికి ఆనించాడు. కట్టు విప్పకుండా ఊరికే పక్కన కూర్చుని, వాడు గడ్డి నమిలే చప్పుడు వింటూ కాసేపు ఉండి వచ్చేశాను.

అలారం ఐదింటికి పెట్టాను. కట్టు విప్పాలి, పది నిమిషాలు ఆగాలి, కుడి కాలు ముందు, ఎడమది తర్వాత. టీ ఆ తర్వాతే.