సెలవు నెలలో వైద్యం: తాగుడు, దిగులు కలిసి ఉన్నప్పుడు

కువైట్ నుంచి నెల సెలవు మీద గుంటూరు, బెజవాడ వచ్చే మనవాళ్లు మానసిక వైద్యుణ్ణి చూడటం చివరి వారానికి పెట్టుకుంటారు. కొత్తపేటలోనో సూర్యారావుపేటలోనో చీటీ రాయించుకుని విమానం ఎక్కేస్తారు. దిగులుకు (డిప్రెషన్‌కు) తాగుడు తోడైతే అది చాలా ప్రమాదం. దిగిన వారంలోనే వెళ్లాలి.

కువైట్‌లో మద్యం నిషేధం. ఊళ్లో నెలంతా రోజూ తాగినవాడు బయలుదేరే రోజు ఒక్కసారిగా ఆపేస్తాడు. ఆరేడు గంటలకే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనబడతాయి, ప్రాణం మీదికి వస్తుంది. క్యాంపు చేరి డ్యూటీ ఎక్కేది సరిగ్గా అప్పుడే. తోటివాళ్లు జ్వరమనుకుని పడుకోబెడతారు. అందుకే మానడం ఇక్కడే, సెలవు మొదట్లోనే, డాక్టరు చూస్తుండగా జరగాలి. గ్లూకోజు ఎక్కించేముందు బి1 విటమిను, అంటే థయమిన్, ఇవ్వాలి. వంట్లో అది అడుగంటి ఉన్నప్పుడు ఉత్త గ్లూకోజు మెదడును దెబ్బతీయగలదు. మాన్పించే మందు అన్నంలో కలిపి తెలియకుండా పెట్టడం అసలు వద్దు. ఆ మందు, డైసల్ఫిరామ్, కడుపులో ఉండగా తాగితే బీపీ పడిపోయి చనిపోయే ప్రమాదముంది.

మానేశాక చాలామందికి మూడు నాలుగు వారాల్లో దిగులు దానంతటదే తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే అది విడి జబ్బే. అలాగని చచ్చిపోవాలని ఉందన్నవాణ్ణి నెల ఆగమనకూడదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు. మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ నంబరు టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది.

డాక్టరు దగ్గరికి భార్యనో అమ్మనో వెంటబెట్టుకెళ్లండి. నిద్ర లేకపోయినా అలసట లేకుండా, పట్టపగ్గాల్లేని హుషారుతో డబ్బు తగలేసిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా అన్నది వాళ్లకే బాగా గుర్తుంటుంది. ఉంటే అది బైపోలార్, అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు మితిమీరిన హుషారు వచ్చే జబ్బు, కావచ్చు. అప్పుడు దిగులు మాత్ర ఒక్కటే ఇస్తే ఉన్మాదం ఎగదన్నవచ్చు. ఆ జబ్బుకు వాడే లిథియం రాస్తే, మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తపరీక్ష చేయించాలి. ఎండలో చెమటోడ్చి, ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్ మింగితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. వాంతులు, తూలడం కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆందోళనకు, నిద్రకు రాసే క్లోనజెపామ్, అల్ప్రజోలం గల్ఫ్ దేశాల్లో నియంత్రణలో ఉన్న మందులు. యూఏఈకి తీసుకెళ్లాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని భయపడి వాటిని గన్నవరంలోనే పారేసి ఎక్కినా ముప్పే. రోజూ వాడుతున్న మాత్ర ఒక్కసారిగా ఆపితే వాటికీ ఫిట్స్ రావచ్చు. తగ్గించుకుంటూ రావడానికి వారాలు పడుతుంది కాబట్టి, తిరుగు టికెట్ తేదీ డాక్టరుకు మొదటి రోజే చెప్పండి.