ప్రసవం తరువాత మెదడుకు వచ్చిన జబ్బు

నా బిడ్డ పుట్టిన మొదటి వారంలోనే నాకు నిద్ర పూర్తిగా దూరమైంది. పసిబిడ్డ తల్లికి నిద్ర చాలకపోవడం మామూలే కనుక మొదట ఎవరూ అనుమానించలేదు. కాని బిడ్డ ఆదమరచి పడుకున్నప్పుడు కూడా నాకు నిద్ర అవసరమే తోచేది కాదు. అలసట తెలిసేది కాదు, ఆలోచనలు ఊపిరాడనంత వేగంగా వచ్చేవి. తరువాత బిడ్డను ఎవరో మార్చేశారన్న నమ్మకం, గోడ అవతల అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారన్న భయం మొదలయ్యాయి. ఇంట్లోవాళ్ళు వెంటనే ఆసుపత్రిలో చేర్చారు.

దీన్ని ప్రసవానంతర సైకోసిస్ (నిజానికీ భ్రమకూ తేడా తెలియని స్థితి) అంటారు. వెయ్యి ప్రసవాల్లో ఒకరిద్దరికి వచ్చే ఈ జబ్బు ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే హఠాత్తుగా బయటపడుతుంది, తల్లికీ బిడ్డకూ ప్రమాదం కనుక అత్యవసర వైద్యం కావాలి. ఇన్ఫెక్షన్, థైరాయిడ్ లోపాలు, మెదడు వాపు వంటివి కూడా ఇలాంటి లక్షణాలే చూపగలవు కాబట్టి ముందు అవేవీ లేవని పరీక్షలతో నిర్ధారించుకున్నారు. ఆ తరువాత సైకియాట్రిస్టు మా అమ్మను కుటుంబ చరిత్ర అడిగారు. మా పెద్దమ్మకు, నా జబ్బుతో దగ్గర సంబంధం ఉన్న బైపోలార్ డిజార్డర్ (మితిమీరిన ఉత్సాహం, తీవ్రమైన దిగులు విడతలుగా వచ్చే మానసిక జబ్బు) ఉండేదని, ఆమెకు కూడా మొదటిసారి కాన్పు తరువాతే వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. గర్భిణిగా ఉన్నప్పుడు నన్ను బీపీ, షుగరు గురించి ఎన్నోసార్లు అడిగారు. ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా అని కూడా అడగవలసిందని ఇప్పటికీ గట్టిగా అనుకుంటాను.

మనసు బలహీనమైందనీ, బిడ్డపై ప్రేమ చాలలేదనీ కొందరు బంధువులన్న మాటలు నన్ను జబ్బుతో సమానంగా బాధించాయి. కాన్పయ్యాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు ప్రతి తల్లిలోనూ ఒక్కసారిగా పడిపోతాయనీ, ఆ మార్పునూ నిద్రలేమినీ తట్టుకోలేని గుణం కొందరి మెదడుకు వంశపారంపర్యంగా వస్తుందనీ డాక్టరు వివరించినప్పుడు నా గుండె బరువు తగ్గింది. దీనికి ఒక్క జన్యువు కారణం కాదు, స్వల్ప ప్రభావం గల అనేక జన్యువులు కలసి పనిచేస్తాయి. ఒకేరూప కవలల్లో ఒకరికి బైపోలార్ ఉన్నా రెండోవారికి రావాలని లేదు.

మనోస్థితిని నిలకడగా ఉంచే లిథియం, దాంతోపాటు భ్రమలను తగ్గించే ఒక యాంటీసైకోటిక్ మందు వాడాక భ్రమలు త్వరగానే తగ్గాయి. రక్తంలో లిథియం మోతాదు కొంచెం పెరిగినా హాని కనుక తరచూ పరీక్ష, దాంతోపాటు కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేసేవారు. ఆ మోతాదు పెరగకుండా ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దన్నారు. అసలు కష్టం తరువాత వచ్చింది. భ్రమలు పోయిన చోట నెలల తరబడి దిగులు కూర్చుంది, బిడ్డను ఎత్తుకున్నా ఏమీ అనిపించేది కాదు. మందు మార్చి, క్రమం తప్పకుండా కౌన్సెలింగ్ తీసుకుంటూ, రాత్రి పాలు పట్టే పని నా భర్త చేతిలో పెట్టాక, బిడ్డ ఏడుపు వింటే లేచి వెళ్ళాలన్న ఆత్రం నాలో మెల్లగా తిరిగొచ్చింది.

ఈ జబ్బు ఒకసారి వచ్చినవారిలో మూడోవంతు నుంచి సగం మంది దాకా తరువాతి కాన్పులో మళ్ళీ దీని బారిన పడే అవకాశం ఉంది. ఇప్పుడు మా చెల్లెలు గర్భిణి. పెద్దమ్మ సంగతీ, నా సంగతీ తన కేసు షీటులో రాయించింది. కాన్పయ్యాక రాత్రులు తనకు నిద్ర దొరికేలా ఎవరు ఏ పని చేయాలో, వరుసగా నిద్ర తప్పితే ఏ డాక్టరుకు ఫోను చేయాలో ఇంటిల్లిపాదీ కూర్చొని ముందే నిర్ణయించుకున్నాం.