బెడ్ రెయిలింగ్ మీది బ్యాక్టీరియాని చంపే వైరస్‌లు

ఐసీయూ నుంచి వచ్చే కల్చర్ రిపోర్టుల్లో (పేషెంట్ శాంపిల్‌లో ఏ క్రిమి పెరిగిందో చెప్పేవి) నాకు బాగా కోపం తెప్పించే పేరు అసినిటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా. మెరోపెనెమ్ లాంటి పెద్ద యాంటీబయాటిక్‌లకి కూడా చాలాసార్లు లొంగదు, పైగా తడి లేకపోయినా బెడ్ రెయిలింగ్ మీద, వెంటిలేటర్ బటన్ల మీద, మానిటర్ వైర్ల మీద వారాల తరబడి బతికే ఉంటుంది, పేషెంట్ డిశ్చార్జ్ అయి వెళ్ళిపోయినా అది అక్కడే ఉండి ఆ బెడ్ మీదకి తర్వాత వచ్చేవాళ్ళకి అంటుకుంటుంది.

అందుకే తైవాన్‌లో హువాలియెన్‌లోని ఒక హాస్పిటల్ వాళ్ళు చేసిన పని చదివాక నాకు చాలా ఆశ పుట్టింది. 2014లో వాళ్ళు ఐసీయూలో పేషెంట్ ఖాళీ చేసిన రూముల్ని మామూలుగా క్లీన్ చేశాక, ఆ పైన ఫేజ్‌లు కలిపిన ద్రవాన్ని సన్నటి తుంపరలా చల్లారు. ఫేజ్ అంటే బ్యాక్టీరియాని తినే వైరస్, మన ఒంట్లో కణాల జోలికి రాదు. అది బ్యాక్టీరియా పైన అతుక్కుని తన డీఎన్ఏని లోపలికి పంపుతుంది, లోపల తనలాంటివే పదులూ వందలూ తయారుచేయించుకుని గోడ పగలగొట్టుకుని బయటికొచ్చి పక్కదాన్ని పట్టుకుంటుంది. అక్కడ అంతకుముందు వెయ్యి పేషెంట్ డేస్‌కి (ఒక పేషెంట్ ఒక రోజు ఉంటే ఒక పేషెంట్ డే) మందులకి లొంగని అసినిటోబ్యాక్టర్ కొత్త కేసులు 8.57 ఉంటే, ఫేజ్ వాడిన నెలల్లో 5.11కి తగ్గాయి. ముందూ తర్వాతా పోల్చి చూసిన లెక్క కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చెయ్యలేం, కానీ ఐసీయూలో ఇంత తగ్గడం చిన్న విషయం కాదు.

ఇటలీలో ఫెరారా యూనివర్సిటీ వాళ్ళు ఇంకో దారి పట్టారు, బాసిల్లస్ అనే హాని చెయ్యని బ్యాక్టీరియా స్పోర్లు (నిద్రాణంగా ఉండే గట్టి రూపాలు) ఉన్న క్లీనింగ్ లిక్విడ్‌కి ఫేజ్‌లు కలిపి చూస్తున్నారు. అమెరికాలో అయితే తినడానికి రెడీగా ఉన్న మాంసం మీద, తిండిని పాడుచేసి జబ్బు తెచ్చే లిస్టీరియా బ్యాక్టీరియాని చంపే ఫేజ్‌లు స్ప్రే చెయ్యడానికి 2006లోనే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది.

ఇబ్బందులు లేవని కాదు. ఒక ఫేజ్ అన్ని రకాల అసినిటోబ్యాక్టర్‌నీ చంపదు, మన ఐసీయూలో తిరుగుతున్న రకానికి సరిపోయేది వెతకాలి. సర్ఫేస్ ఆరిపోతే దాని పని నెమ్మదిస్తుంది, తుడిచిన బ్లీచ్ ఇంకా మిగిలుంటే ఫేజ్ కూడా చచ్చిపోతుంది, కాబట్టి ఏది ముందు ఏది తర్వాత, మధ్యలో ఎంతసేపు ఆగాలి అన్నది హౌస్‌కీపింగ్ వాళ్ళకి కూర్చోబెట్టి నేర్పించాలి (అసలు ఐసీయూలో ఎంతమంది ప్రాణాలు వాళ్ళ చేతుల్లో ఉన్నాయో మనం పట్టించుకోం).

వెతకడానికి మాత్రం ఎక్కడికో పోనక్కర్లేదు, ఈ ఫేజ్‌లు ఎక్కువగా దొరికేది హాస్పిటల్ మురుగునీళ్ళలోనే. మన టీచింగ్ హాస్పిటళ్ళలో మైక్రోబయాలజీ ల్యాబులున్నాయి, పీజీలున్నారు, మందులకి లొంగని రకాలు రోజూ ల్యాబులో బ్యాక్టీరియాని పెంచే ప్లేట్ల మీదకి వస్తూనే ఉన్నాయి. కనీసం ఒక్క ఐసీయూలో, పేషెంట్ లేని ఖాళీ రూముల్లో మొదలుపెట్టి, స్వాబ్‌లు తీసి లెక్కలు చూడండి, ఆ థీసిస్ ఎవరైనా తీసుకుంటే ప్లేట్లు చదివే పనికి నేను వస్తాను.