కారు సీటులో పాల వాసన: తల ప్రాణం తోకకొచ్చింది

వాసన పోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో అద్దాలన్నీ బిగించి ఉంచిన కారు తలుపు తీసి, తల లోపల పెట్టి చూశాను. మామూలు కారు వాసన తప్ప ఇంకేం లేదు. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను. నిజం చెప్పాలంటే సంతోషం కన్నా ఒక పెద్దమనిషి మీద కోపమే ఎక్కువుంది. పేరు రాయను. చదివితే తనకే తెలుస్తుంది.

మనవడి పాల సీసా వెనక సీటులో ఒలికింది, నిండు సీసా. మూత సరిగా బిగించనిది ఎవరన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. మా ఆవిడ అప్పటికప్పుడే పొడిగుడ్డ వేసి, రుద్దకుండా అద్ది అద్ది తీసింది, తర్వాత తడిగుడ్డతో తుడిచింది. మరక మాయమైంది, అందరం మర్చిపోయాం.

కొన్నాళ్లకు వాసన మొదలైంది. పొద్దున కారు తీస్తే ఏమీ ఉండదు. మధ్యాహ్నం తలుపు తీస్తే కడుపులో తిప్పేది. మళ్ళీ రాత్రికి ఉండదు. ఇదేం మాయ అనుకున్నాను గానీ ఇందులో మాయేం లేదు. సీటు గుడ్డ పల్చన, దాని కింద బెత్తెడు మందాన ఫోమ్. పాలు ఒలికిన నిమిషంలోనే గుడ్డను దాటి ఫోమ్‌లోకి దిగిపోతాయి, మనం తుడిచేది పైన మిగిలిన తడినే. లోపల దిగిన పాలలో చక్కెరని బ్యాక్టీరియా పులియబెడుతుంది, వెన్న విరిగి బ్యూటిరిక్ ఆమ్లం తయారవుతుంది. వాంతిలో ఉండే ఆ ఘాటు వాసన కూడా దీనిదే, చాలా కొంచెం ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ఎండలో మూసి ఉన్న కారు లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి ఆ వేడికి ఆవిరై పైకి లేస్తుంది, చల్లబడితే ఫోమ్‌లోనే నక్కి కూర్చుంటుంది.

మా వియ్యంకుడుగారు కారెక్కిన రోజు సంగతి కూడా చెప్పాలి. బయట వాన, లోపల ఏసీ. కాసేపటికి "బావగారూ, ఈ అద్దం కొంచెం దించుకోనా, నాకు గాలి ఉంటే హాయిగా ఉంటుంది" అన్నారు. వానజల్లు మొహాన కొడుతున్నా దారంతా అలాగే కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. అనుంటేనే బాగుండేది.

ఏసీ ఫిల్టరు మార్పించమని ఒకరు చెప్పారు. మార్పించాను, ఏమీ ఒరగలేదు. ఏసీ నుంచి వచ్చే వాసనైతే ఏసీ వేసిన మొదటి నిమిషంలో గుప్పుమని కొట్టి తగ్గుతుంది, ఊసల దగ్గర ముక్కు పెడితే తెలిసిపోతుంది. సీటు వాసన అలా కాదు, కారు మూసి ఉంచిన కొద్దీ పెరుగుతుంది. ఈ తేడా చూసుకోకుండా ఫిల్టర్లకు డబ్బు తగలేయకండి.

ఇక అసలు కథ. సీట్లు షాంపూ వేసి కడిగే ఒక షాపుకు కారు తీసుకెళ్లాను. ఎలాంటి వాసనైనా గ్యారంటీగా పోతుందని బోర్డు రాసుంది. పాలు లోపలికి ఇంకాయని కారు ఇచ్చేటప్పుడే చెప్పాను. కుర్రాడు తలూపి నురగ కొట్టాడు, బ్రష్షుతో గీకాడు, వాక్యూమ్ పైపైన ఆడించాడు. చివర్లో ఏదో సెంటు చల్లాడు. నేను సీటు మీద అరచెయ్యి పెట్టి నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఉబికాయి.

"ఇంత తడిగా ఉందేంటి బాబూ?"

"అద్దాలు దించి పెట్టుకోండి సార్, సాయంత్రానికి ఆరిపోద్ది."

సాయంత్రానికి ఆరలేదు, మర్నాటికీ ఆరలేదు. ఫోమ్‌లో తడి అలా నిలిచిపోతే 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. దాంతో పులిసిన పాల వాసన, ముక్కిన వాసన, దాని మీద ఆ గులాబీ సెంటు. మూడూ కలిసి వచ్చిన దాన్ని వర్ణించడం నా వల్ల కాదు. అంతకుముందు ఉన్నదే నయం అనిపించింది.

మళ్ళీ వెళ్లాను. ఈసారి ఓనరే బయటికొచ్చాడు. తలుపు తీసి, మొహం ఇలా లోపల పెట్టి అలా తీశాడు.

"ఏం లేదే సార్! ఫ్రెష్‌గా ఉంది."

"కాసేపు తలుపు వేసుకుని లోపల కూర్చోండి, తెలుస్తుంది" అన్నాను. కూర్చోలేదు. కుర్రాణ్ణి కేకేశాడు. "ఒరేయ్, నీకేమన్నా వాసన వస్తోందా?" ఆ కుర్రాడు కారు వైపు కాదు, ఓనరు మొహం వైపు చూశాడు. "లేదన్నా." అక్కడ కార్లు కడిగించుకుంటున్న ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా సరదాకి వచ్చి మూగారు. ఒకాయన తల పెట్టి చూసి "ఏదో కొంచెం..." అని మొదలుపెట్టాడు. ఓనరు ఆయన భుజం తట్టి "అది పర్ఫ్యూమ్ సార్" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, చిన్నపిల్లాడికి నచ్చజెప్పే గొంతుతో, "పెద్దవాళ్ళకి అప్పుడప్పుడు అలా అనిపిస్తుంటుంది సార్. వాసన కార్లో లేదు, మీ ముక్కులో ఉంది" అన్నాడు.

అందరూ నవ్వారు. ఇందాక "ఏదో కొంచెం" అన్నాయన కూడా నవ్వాడు.

నేను ఉద్యోగమంతా పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. మూత తీసిన సీసాలో అమోనియా ఉందో ఎసిటిక్ ఆమ్లం ఉందో గది ఇవతల నుంచే చెప్పేవాణ్ణి, నా శిష్యులెవరినైనా అడగండి. అలాంటి నా ముక్కుకి వంక పెట్టాడు! పొద్దస్తమానం షాంపూల మధ్య, సెంట్ల మధ్య తిరిగే ముక్కు ఏం పసిగడుతుంది? ఏ వాసనలోనైనా కాసేపు ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోయి చెప్పడం మానేస్తుంది. రోజూ కారు నడిపేవాళ్ళకూ ఇంతే, అందుకే వాసన పోయిందో లేదో బయటి నుంచి వచ్చిన మనిషిని అడగాలి. అయితే అతనికి వాసన రాలేదంటే నేను నమ్మను. వచ్చింది. తల అంత తొందరగా బయటికి తీసినప్పుడే తెలిసింది.

"సరే, మీ తృప్తి కోసం ఇంకోసారి ఫ్రీగా చేస్తాం" అన్నాడు. నా తృప్తి కోసమట! నేను వద్దంటూ ఉండగానే కుర్రాడు స్టీమ్ గొట్టం తెచ్చి మొదలుపెట్టాడు. పాలు, గుడ్డు, రక్తం లాంటి ప్రోటీన్ మరకల మీద వేడి తగిలితే అవి గడ్డకట్టి పోగులకు పట్టేస్తాయి, వాటికి చల్లటి నీళ్లే వాడాలి. ఇది ఎనిమిదో క్లాసు పిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది. నేను చెప్తుంటే ఆ కుర్రాడు ఇయర్‌ఫోన్స్ తీయను కూడా లేదు.

పని అయ్యాక తాళం అడిగితే ముందు ఒక కాగితం ఇచ్చారు. 'సర్వీసు సంతృప్తికరంగా ఉంది' అని అచ్చు వేసుంది, కింద సంతకం పెట్టాలి. పెడితేనే తాళం. నా కారు తాళం నాకివ్వడానికి నేను సంతోషంగా ఉన్నానని రాసివ్వాలి! పెన్ను తీసి ఆ అచ్చు లైను కొట్టేసి, పక్కన 'వాసన పోలేదు, సీటు తడిగా ఉంది' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, దానికి ఫోనుతో ఫోటో కూడా తీసుకుని వచ్చాను. ఓనరు మొహం చూడాల్సింది. ఏ షాపులోనైనా పని చూసుకోకుండా సంతకం పెట్టకండి. ఈ దేశంలో సగం అన్యాయాలు మొహమాటం మీదే నడుస్తున్నాయి.

ఇంటికొచ్చి సీటే పీకేశాను. చాలా కార్లలో వెనక సీటు కింది భాగం క్లిప్పుల మీదే కూర్చుని ఉంటుంది, ముందు అంచు కింద చేతులు పెట్టి గట్టిగా పైకి లాగితే ఊడొస్తుంది. కొన్నిటికి ఒకటి రెండు బోల్టులుంటాయి. కారుతో ఇచ్చిన పుస్తకం ఒకసారి చూసుకోండి. ముందు సీట్లు మాత్రం ఎవరికి వారు విప్పకండి. వాటి కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి, తెలిసిన మెకానిక్కే తీయాలి. మనిషి కూర్చున్నాడో లేదో చూసే సెన్సరు కూడా చాలా కార్లలో ఆ సీట్లలోనే ఉంటుంది, నీళ్లతో నానబెడితే మీటర్లో ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి కొత్త తలనొప్పి వస్తుంది.

సీటు తిరగేసి చూద్దును కదా, ఫోమ్ అడుగున అరచేతి వెడల్పున పసుపు మచ్చ, దాని మీద తెల్లటి పెచ్చులు. గోటితో గీకితే రాలాయి. కింద నేల మీదున్న ఫెల్టులో కూడా ఒక పక్క గట్టిపడి ఉంది. పాలు ఫోమ్ దాటి అక్కడిదాకా కారాయన్నమాట. మా ఆవిడని పిలిచి చూపించాను. ముక్కు మూసుకుని "ఆ షాపతన్ని తీసుకొచ్చి దీని మీద పడుకోబెట్టాలి" అంది.

పాలు ఎంత లోతుకి పోయాయో మందు అంత లోతుకి పోవాలి. పైన చల్లే స్ప్రేలు ఏవైనా దండగే. నేను వాడింది ఎంజైమ్ క్లీనరు, పెంపుడు జంతువుల మూత్రం మరకలకని అమ్మే రకం. కొనేముందు సీసా మీద చదువుకోండి. ప్రోటియేజ్ ఉంటే ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది, లైపేజ్ ఉంటే కొవ్వుని. ముందు చల్లటి నీళ్లు పోసి, ఒత్తి, షాపువాళ్ళు వదిలిన సబ్బంతా పోయేదాకా కడిగాను. తర్వాత మందు పైనుంచీ అడుగునుంచీ ఫోమ్ తాగినంత పోసి, పాలిథిన్ షీటు కప్పి రాత్రంతా వదిలేశాను. ఎంజైములు తడిలోనే పనిచేస్తాయి, ఆరిపోతే పని ఆగిపోతుంది. మరిగే నీళ్లు, బ్లీచింగ్ తగిలినా చచ్చిపోతాయి. ఫెల్టుకి కూడా ఇదే వైద్యం. పొద్దున్నే మళ్ళీ కడిగి, నీళ్లు కూడా పీల్చే వాక్యూమ్ అరువు తెచ్చి లాగాను. మొదట వచ్చిన నీళ్లు కడుగు నీళ్లలా ఉన్నాయి.

అసలు పరీక్ష ఆరబెట్టడమే. సీటుని నిలబెట్టి, ఫోమ్ వైపు ఎండకి, గుడ్డ వైపు నీడకి పెట్టి, ఎండ లేనప్పుడు ఫ్యాను పెట్టాను. గుడ్డ పూటలో ఆరిపోయి మనల్ని మోసం చేస్తుంది, ఫోమ్ రోజులు తీసుకుంటుంది. టిష్యూ కాగితం పరిచి మోకాలు వేసి బలంగా నొక్కాలి. కాగితం కొంచెం తడిసినా ఇంకా ఆరనట్టే. మా అల్లుడు రోజూ ఫోన్ చేసి "బిగించేశారా మామయ్యా" అని అడిగేవాడు. ఓజోన్ మిషను అద్దెకి తెస్తానన్నదీ అతనే. ఫోమ్ అడుగున ఎండిపోయిన పాలను ఓజోన్ ఏం చేస్తుంది? పైగా అది ఊపిరితిత్తులకి చెడుపు, రబ్బరుని బీటలు వారుస్తుంది. వద్దని గట్టిగానే చెప్పాను.

ఇంకొకరు వెనిగర్ పోయమన్నారు. ఒలికిన పాల మీద వెనిగర్ పోస్తే ఫోమ్ లోపలే విరిగి పెచ్చు కడతాయి. వెనిగర్‌లో వంటసోడా కలిపి పొంగించి చూపించే వీడియోలున్నాయి చూశారూ, వాటిని తలుచుకుంటే నా పాఠాలన్నీ వృథా అనిపిస్తుంది. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుని ఆఖరికి మిగిలేది కాస్త సోడియం ఎసిటేట్ ఉన్న నీళ్లు. ఆ నురగ చూసి జనం చప్పట్లు. వంటసోడా విడిగా మంచిదే. సీటు పూర్తిగా ఆరాక పల్చగా చల్లి, రాత్రంతా ఉంచి, వాక్యూమ్‌తో లాగితే మిగిలిన కొద్దిపాటి పులుపు వాసన తగ్గింది. తడి సీటు మీద చల్లితే మాత్రం ముద్దకట్టి కూర్చుంటుంది.

ఆరాక గుడ్డ మీద గోధుమ రంగు అంచొకటి తేలింది. లోపలి మురికిని నీళ్లు పైకి తెచ్చి, ఆరుతూ అంచున వదిలేస్తే ఇలా వస్తుంది. అది వచ్చిన చోట మాత్రమే తుడిస్తే దాని చుట్టూ ఇంకో అంచు వస్తుంది. కుట్టు నుంచి కుట్టుదాకా ఆ పలక మొత్తం తేలిగ్గా తడిపి, తెల్ల తువ్వాలు పరిచి మీద బరువు పెట్టాను. మురికి తువ్వాల్లోకి ఎక్కింది. పనిలో పనిగా ఎప్పటిదో బాల్‌పెన్ను గీతని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అద్ది తీశాను, నూనె మరకకి గిన్నెలు తోమే లిక్విడ్ చాలింది. ఏది వాడినా ముందు సీటు అడుగున కనబడని చోట చుక్క వేసి రంగు పోతుందేమో చూడాలి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా కొన్ని గుడ్డల రంగు లాగేస్తుంది.

సీటు బిగించాక కూడా ఎక్కడో లీలగా వాసన తగిలింది. వెతికితే సీటు బెల్టు. మడతలో పాలు పట్టి ఉన్నాయి. బెల్టుకి బ్లీచింగ్, ఘాటు మందులు వాడకూడదు, పోగు బలం తగ్గిపోతుంది. మొత్తం బయటికి లాగి, పైన బట్టల క్లిప్పు పెట్టి ఆపి, గోరువెచ్చటి సబ్బునీళ్లలో గుడ్డ ముంచి తుడిచి, తడిగా లోపలికి చుట్టుకోకుండా క్లిప్పుతోనే ఆరనిచ్చాను. బెల్టు లోపలికి వదలడానికి తొందరేం లేదు, తర్వాతి రోజుకి వదిలినా సరిపోతుంది.