పడితే లేపగలనా?

హిమాచల్ ప్రదేశ్ కొండల్లోని స్పితి లోయకు వెళ్లాలని అనుకున్నాక బండి కోసం నాలుగు నెలలు వెతికాను. అందులో మూడు నెలలు దండగ. ఆ మూడు నెలలూ హార్స్‌పవర్ లెక్కల్లో మునిగి ఉన్నాను.

మొదట మనసు పడింది కేటీఎం 390 అడ్వెంచర్ మీద. 43 హార్స్‌పవర్, చూపులకు కూడా రాజసం. కానీ సీటు ఎత్తు 855 మిల్లీమీటర్లు. నేను ఐదడుగుల నాలుగంగుళాల మనిషిని. షోరూములో ఎక్కి కూర్చుంటే మునివేళ్లే నేలకు ఆనాయి. పైగా కొండల్లో ఏదైనా సెన్సార్ మొరాయిస్తే కంప్యూటర్ తగిలించి చూసే మెకానిక్‌ను ఎక్కడని వెతకాలి?

తర్వాత స్నేహితుడి పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బండి అడిగి తీసుకుని వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు వెళ్లాను. సీటు 800 మిల్లీమీటర్లే, ముందు చక్రం 21 అంగుళాలు, ఇంజను నిదానంగా లాగుతుంది. నచ్చింది. తీరా ఎర్రమట్టి బురదలో నడక వేగంతో పోతూ పక్కకు ఒరిగాను. 199 కిలోల బండి. మూడుసార్లు లేపబోయి మూడుసార్లూ ఓడిపోయాను. చివరికి మేకల కాపరి ఒకాయన వచ్చి చెయ్యి వేశాడు. లేపాక నన్నూ బండినీ మార్చి మార్చి చూసి, “ఇంత బరువుది ఎందుకు సార్ మీకు?” అన్నాడు. మూడు నెలల్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నేనూ వేసుకోలేదు.

అప్పటి నుంచి ఒకటే పరీక్ష. ఉప్పల్‌లో సెకండ్ హ్యాండ్ హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ చూడటానికి వెళ్లి, దాన్ని నేల మీద పడుకోబెడతానని యజమానిని బతిమాలాను. ఆయన నన్ను అనుమానంగా చూసి, కింద గోనెసంచులు పరిచాడు. 158 కిలోలు. గేరులో ఉంచి, హ్యాండిల్ పూర్తిగా తిప్పి, సీటుకు వీపు ఆనించి కాళ్ల బలంతో వెనక్కి నెట్టాను. లేచింది. బేరం కూడా సరిగా ఆడలేదు.

దీనికీ లోపాలున్నాయి. గంటకు 90 కిలోమీటర్లు దాటితే హైవే మీద ఆయాసపడుతుంది. అందుకే ట్యాంకు ఖాళీ చేసి ఢిల్లీ దాకా రైల్లో పార్సిల్ వేశాను. హైదరాబాద్ నుంచే నడుపుకుంటూ వెళ్లాలన్న పంతం అక్కడే వదిలేశాను. ట్యూబ్ టైర్లు కాబట్టి పంక్చర్ వేయడం ఇంట్లోనే నేర్చుకున్నాను. వెనక టైరు విప్పి బిగించడానికి మొదటిసారి రెండు గంటలు పట్టింది, మూడోసారికి నలభై నిమిషాలు. వెంట 21 అంగుళాల ట్యూబు ఒక్కటే పెట్టుకున్నాను. అవసరమైతే 18 అంగుళాల వెనక చక్రంలోనూ అదే సర్దుకుంటుంది. 13 లీటర్ల ట్యాంకు గురించి పడ్డ బెంగంతా వృథా. మనాలిలో నింపితే స్పితిలోని కాజా ఊరి బంకు దాకా సుమారు 200 కిలోమీటర్లే.

మనాలి నుంచి కాజా వెళ్లే దారిలో ఛత్రు దాటాక రోడ్డు మీదికి పారే వాగులో మొదటిసారి పడ్డాను. బాతల్ దగ్గర రాళ్లలో రెండోసారి. మూడోది కుంజుం కనుమ ఎక్కుతుండగా, 4,500 మీటర్ల ఎత్తున. కనుచూపు మేరలో మనిషి లేడు. సామాను విప్పి పక్కన పెట్టి, వీపు ఆనించి నెట్టాను. బండి లేచింది. నాకు మాత్రం ఊపిరి అందడానికి పది నిమిషాలు పట్టింది.